తిత్తి మొక్కకు ఎరువు నీళ్లు పోయించకండి

సంపాదకుల వారికి నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలోని ఇంటి తోటల పేజీలో దోమలను తినే నీటి మొక్క గురించి వచ్చిన వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. మన వరి పొలాల్లో పుట్టి, కోతలతోపాటే ఎవరికీ తెలియకుండా ఎండిపోయే తిత్తి మొక్కకు ఒక దినపత్రిక అర పేజీ ఇవ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి. అందుకు వ్యాసకర్తకూ మీకూ ముందుగా ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను. అయితే అందులో పాఠకులకు ఇచ్చిన మూడు సలహాలు, అంటే గిన్నెలో కుళాయి నీళ్లు నింపితే చాలునన్నది, వారానికొకసారి చెంచాడు వర్మీకంపోస్టు నీళ్లు పోయాలన్నది, ఆ గిన్నె ఇంట్లో ఉంటే దోమల బెడద తీరుతుందన్నది, మూడూ పొరపాటే. మొదటి రెండూ పాటిస్తే మొక్క చస్తుంది. మూడోది నమ్మితే ఇంట్లోవారికి ముప్పు. నా అనుభవం నలుగురికీ ఉపయోగపడుతుందనే నమ్మకంతో కొంచెం దీర్ఘంగానే రాస్తున్నాను. స్థలాభావం వల్ల కుదించవలసి వస్తే నీటి గురించి రాసిన భాగాన్ని మాత్రం కుదించవద్దని మనవి.

నేను గుంటూరులోని ఒక కళాశాలలో, వృక్షశాస్త్ర విభాగంలో 31 ఏళ్లు ల్యాబ్ అటెండరుగా పనిచేసి 2014లో పదవీ విరమణ చేశాను. ప్రాక్టికల్ పరీక్షలకు కావలసిన నమూనాలు తెచ్చి పెట్టడం నా బాధ్యత. హైడ్రిల్లా, అంతర తామర లాంటివి ఏ చెరువుకు వెళ్లినా దొరుకుతాయి. పాఠ్యపుస్తకాల్లో యుట్రిక్యులేరియా అని ఉండే తిత్తి మొక్క సంగతి అలా కాదు. దుగ్గిరాల, కొల్లిపర వైపు వరి పొలాల పక్క బోదెల్లోనూ, నీరు నిలిచే మడి మూలల్లోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో పసుపుపచ్చని పూలతో కనబడేది. కోతకు ముందు రైతులు మడిలో నీరు తీసేయగానే నాలుగు రోజుల్లో మట్టికి అంటుకొని ఎండిపోయేది. పరీక్షలేమో ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఈ మధ్యకాలమంతా దాన్ని ల్యాబులో కిటికీ పక్కన బతికించి ఉంచవలసి వచ్చేది. మొదటి రెండేళ్లూ నేను తెచ్చినవి ఒక్కటి మిగలకుండా చచ్చిపోయాయి. పరీక్ష నాడు పిల్లల ముందు ఫార్మలిన్ సీసాలోని పాలిపోయిన నమూనా పెట్టినందుకు మా మేడం నన్ను ఒక్క మాట కూడా అనలేదు గానీ, నా మనసుకు మాత్రం అది చాలా రోజులు పట్టి ఉంది.

ఈ మొక్క ఎందుకు చస్తుందో తెలియాలంటే అది ఎలా బతుకుతుందో తెలియాలి. దీనికి వేళ్లు లేవు. దారపు పోగుల్లాంటి ఆకులతో, మూరెడు బారెడు తీగగా నీటిలో తేలుతూ ఉంటుంది. ఆ పోగుల మధ్య ఆవగింజంత, అంతకంటే చిన్నవీ, తిత్తులు ఉంటాయి. ఒక్కొక్క తిత్తికి ఒక మూల చిన్న తలుపు, తలుపు మీద నాలుగు నూగు వెంట్రుకలు. తిత్తి తన లోపలి నీటిని కొంచెం కొంచెంగా బయటికి తోడేసుకుంటుంది. దానితో దాని గోడలు, మనం బుగ్గలు లోపలికి పీల్చుకున్నట్టు, నొక్కుకుపోయి ఉంటాయి. డాఫ్నియా లాంటి కంటికి కనబడీ కనబడని నీటి పురుగు ఆ వెంట్రుకను తగిలితే చాలు, తలుపు లోపలికి తెరుచుకుంటుంది, నొక్కుకున్న గోడలు ఉబ్బుతాయి, నీటితోపాటు పురుగు లోపలికి వెళ్లిపోతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో జరుగుతుంది. ఆ తరువాత అరగంటలోగా తిత్తి మళ్లీ నీటిని తోడుకొని సిద్ధంగా ఉంటుంది. చార్లెస్ డార్విన్ అంతటివాడు కూడా 1875 నాటికి పురుగే తలతో తలుపును నెట్టుకొని లోపలికి వెళుతుందని అనుకున్నాడు. తిత్తి పీల్చుకుంటుందన్న సంగతి 20వ శతాబ్దంలో గానీ తేలలేదు.

పిల్లలకు చూపించడానికి నీళ్లలోంచి ఒక తీగను గభాలున పైకి ఎత్తినప్పుడు, గదిలో ఫ్యాను ఆపి చెవి దగ్గర పెట్టుకుంటే, చిటపటమని చాలా సన్నని చప్పుడు వినిపిస్తుంది. గాలి తగలగానే తిత్తులు ఒకదాని తరువాత ఒకటి పేలుతూ గాలిని మింగడం వల్ల వచ్చే చప్పుడు అది. వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ అలా గాలి మింగిన తిత్తులు లోపల వెండి చుక్కలా మెరుస్తూ చాలాసేపు పనికి రాకుండా పోతాయి. అందుకే ఈ మొక్కను ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మార్చేటప్పుడు చేత్తో ఎత్తకూడదు. గిన్నెను నీటిలో ముంచి, నీటితో సహా తీసుకోవాలి. ఈ ఒక్క అలవాటు నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మీ వ్యాసం వచ్చిన నాలుగో రోజున మా అపార్టుమెంటులో కింది అంతస్తు అమ్మాయి ఒక గాజు గిన్నె పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. అంతకు నెల ముందే ఆన్‌లైనులో మొక్క తెప్పించుకొని ఎంతో మురిపెంగా చూసుకుంటోంది. "తాతగారూ, పేపర్లో రాసినట్టే ఎరువు నీళ్లు పోశాను. మర్నాటికి వాడినట్టు కనిపిస్తే, ఆకలితో ఉందేమోనని ఇంకో చెంచా పోశాను" అంది. గిన్నెలో నీరు ముదురాకుపచ్చగా మారింది. తీగకు పాచి పోగులు జుట్టులా చుట్టుకొని ఉన్నాయి. వేలితో కదిలిస్తే జిగురు. భూతద్దం పెట్టి చూస్తే చివరి రెండంగుళాలు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆ చివరను కత్తిరించి, వాన నీటిలో మూడుసార్లు జాడించి, పాచి పోగులను పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగి, మా తొట్టిలో వేశాను. బతుకుతుందని అనుకుంటున్నాను. ఆ పిల్ల ప్రేమతోనే పోసింది, పేపర్లో రాసిన మాట నమ్మి పోసింది; అందుకే ఈ ఉత్తరం.

నీటిలో పోషకాలు ఎక్కువైతే ముందుగా బాగుపడేది పాచి. అది తిత్తి మొక్క కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరిగి వెలుతురును అడ్డుకుంటుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. నీటిలోనే తిండి దొరుకుతుంటే ఈ మొక్క తిత్తులు వేయడం తగ్గించేస్తుంది. ఒక ఏడాది నేను ఊరి మురుగు కలిసే కుంటలోంచి తెచ్చిన తీగల్లో పిల్లలు ఎంత వెతికినా పట్టుమని పది తిత్తులు దొరకలేదు. అదే వారం బోదెలోంచి తెచ్చిన బక్కపలచని తీగల్లో లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. తిత్తుల కోసమే ఈ మొక్కను పెంచుకునేవారు ఎరువు వేస్తే, మొక్క ఒకవేళ బతికినా వారు చూడాలనుకున్నది చూడలేరు.

వరి పొలంలో యూరియా వేస్తారు కదా, అక్కడ ఎలా పెరుగుతోందని ఎవరైనా అడగవచ్చు. నన్ను మా లెక్చరర్లే అడిగారు. పొలంలో నీరు ఒక చోట నిలవదు, వానకు పలచబడుతుంది, మడి నుంచి మడికి పారుతుంది. వేసిన ఎరువును వరి తీసుకుంటుంది. దుబ్బుల నీడలో పాచికి అంత ఎండ తగలదు. కుళ్లే గడ్డీ గాదం నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి మొక్కకు అందుతుంది. పైగా నాకు ఈ మొక్క ఎప్పుడూ పైరు ముదిరాక, గడ్డి నాని నీరు కొంచెం గోధుమ రంగుకు తిరిగిన మూలల్లోనే దొరికింది గానీ, కొత్తగా ఎరువు చల్లిన మడిలో దొరకలేదు. గాజు గిన్నెకు ఈ సదుపాయాల్లో ఒక్కటీ లేదు.

ఇక నీరు. గుంటూరు కుళాయిల్లో వచ్చేది కృష్ణ నీరు. తాగడానికి అది మంచి నీరే. నీటిలో కరిగిన ఉప్పులను లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన చూపే టీడీఎస్ మీటరును మా ఇంటి కుళాయి నీటిలో పెడితే 320 చూపింది. మా అపార్టుమెంటు బోరు నీటిలో పెడితే 1,100 దాటింది. మా పేట బోరు నీటితో కాఫీ గిన్నెలకు తెల్లని పొర కట్టడం చూసినవారికి ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు. తిత్తి మొక్కకు 100 లోపు ఉండాలి, 50 లోపు ఉంటే మరీ మంచిది. మన పొలాల రకాలు కొంత ఎక్కువైనా ఓర్చుకుంటాయి, కుళాయి నీటిలోనూ మొదటి రెండు వారాలు బాగానే ఉంటాయి, అక్కడే మనం మోసపోతాము. ఇంట్లో గిన్నెలోని నీరు రోజూ ఆవిరైపోతుంది, కానీ అందులోని ఉప్పులు ఆవిరి కావు. తగ్గిన మేరకు మళ్లీ కుళాయి నీరు పోస్తాము. దానితోపాటు ఇంకొన్ని ఉప్పులు చేరతాయి. ఇలా రెండు నెలలు గడిచాక నా తొట్టిలో 700 చూపిన రోజు నాకు బాగా గుర్తు. తీగ వెనక భాగం నుంచి కాకుండా పెరిగే ముందు కొస నుంచే నల్లబడటం మొదలైంది. కుళాయి నీటిని ఒక రోజు నిలవ ఉంచి పోయాలని కొందరు చెబుతారు. అలా ఉంచితే క్లోరిన్ పోతుంది, ఉప్పులు పోవు.

అన్నిటికంటే మంచిది వాన నీరు. డాబా ఊడ్చి, మొదటి రెండు వానలు దుమ్ము కడిగేసుకొని పోయేవరకు ఆగి, ఆ తరువాత పట్టిన నీటిని పంచెగుడ్డతో వడకట్టి మూత ఉన్న డ్రమ్ములో పోసుకుంటే చిన్న తొట్టికి ఏడాది పొడవునా సరిపోతుంది. వాన నీరు లేనివారు ఆర్వో నీరు వాడవచ్చు. అయితే ఇళ్లలోని కొన్ని యంత్రాలు శుద్ధి చేసిన నీటిలో ఖనిజాలు తిరిగి కలుపుతాయి. వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల టిన్నులోని నీరు కూడా ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు కొనుక్కొని చూసుకోవడమే దారి. వేసవిలో ఏసీ గొట్టం నుంచి కారే నీటిని కూడా కొందరు వాడతారు. మీటరులో అది చాలా తక్కువ చూపిస్తుంది, కానీ దుమ్ముపట్టిన రాగి గొట్టాల మీదుగా వచ్చే నీరు కనుక నేను దాన్ని ఉత్తగా ఎప్పుడూ పోయను. మరీ ఇబ్బంది అయితే వాన నీటిలో కొద్దిగా కలుపుతాను.

తొట్టి విషయంలో పెద్ద ఖర్చు అవసరం లేదు. జానెడు లోతు, మూరెడు పొడవు ఉన్న గాజు తొట్టి గానీ ప్లాస్టిక్ టబ్బు గానీ చాలు. అడుగున మట్టి వేయకూడదు. మన నల్లరేగడిలో సున్నం ఎక్కువ, చెరువు మట్టిలో ఎరువు ఎక్కువ. కొబ్బరి పొట్టును వారం రోజులు రోజూ నీరు మార్చుతూ నానబెట్టి, ఉప్పంతా పోయాక రెండంగుళాల మందాన పరిచి, పైన ఎండిన తుంగ కాడలు గుప్పెడు వేస్తే, పది రోజుల్లో నీరు పలచని టీ రంగుకు వస్తుంది. ఆ రంగును చూసి కొత్తవారు భయపడి నీరు పారబోస్తారు. దయచేసి పారబోయవద్దు, మొక్క కోరుకునే నీరు అదే. ఆ కాడలు నెమ్మదిగా కుళ్లుతూ బొగ్గుపులుసు వాయువును ఇస్తుంటాయి కనుక, చేపల తొట్టెల్లో పెట్టే గాలి బుడగల మోటారు కూడా పెట్టకూడదు. అది ఆ వాయువును బయటికి తరిమేస్తుంది.

వెలుతురు బాగా కావాలి, వేడి పనికిరాదు. మే నెలలో గుంటూరు డాబా మీద టబ్బు పెడితే మధ్యాహ్నానికి నీటిలో చేయి పెట్టలేము. అందుకే మన ఊళ్లో ఈ మొక్కకు వేసవిలో ఇంటి లోపలే క్షేమం. తూర్పు కిటికీ దగ్గర ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే సరిపోతుంది. కిటికీ లేనివారు ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు 12 గంటలు వెలిగించవచ్చు. తీగ వెనక చివర గోధుమ రంగుకు తిరిగి రాలిపోవడం జబ్బు కాదు. ముందు కొస పెరుగుతుండగా వెనక కొస చచ్చిపోవడం దాని స్వభావం. కొస పచ్చగా చుట్టుకొని ఉన్నంతకాలం కంగారు పడనక్కరలేదు.

తిండి సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. నెలకు రెండుసార్లు, శుభ్రమైన కుంటలోంచి వడగట్టి తెచ్చిన డాఫ్నియాలను ఒక చెంచాడు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే మిగిలినవి చచ్చి నీరు కుళ్లుతుంది. చేపల మేత, బ్రెడ్డు ముక్కలు, మాంసం ఏవీ వేయకూడదు. నత్తలూ తోకకప్పలూ ఆ నీటితో రాకుండా చూసుకోవాలి, అవి లేత కొసలను కొరుకుతాయి.

దోమల విషయాన్ని మాత్రం చాలా గట్టిగా చెప్పవలసి ఉంది. తిత్తి మొక్క దోమ పిల్లలను పట్టడం నిజమే. కానీ ఆవగింజంత తిత్తిలో పట్టేది అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల. నాలుగు రోజులు పెరిగిన పురుగు తోక తలుపులో చిక్కుకొని వేలాడటం చూశాను గానీ, అన్నీ అలా చిక్కవు. డెంగీని మోసే ఈడిస్ దోమ ఇంట్లోని శుభ్రమైన నిలవ నీటినే వెతుక్కుంటుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి చెబుతుంటే, మూత లేని గిన్నెను దోమల నివారణ పేరుతో పడకగదిలో పెట్టుకోమనడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మా తొట్టి మీద ఎప్పుడూ దోమతెర గుడ్డ బిగించి ఉంటుంది. ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది నీటి మట్టానికి కొంచెం పైన, పాత్ర గోడ మీద. అందుకే శుక్రవారం శుక్రవారం ఆ అంచును గరుకు గుడ్డతో రుద్ది తుడుస్తాను. ఇంత చేయలేనివారు ఈ మొక్కను పెంచకపోవడమే మంచిది.

ఆన్‌లైనులో అమ్మే మరో నీటి మొక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆల్డ్రోవాండా అనే దానికి తిత్తులకు బదులు రెండు రేకుల బోనులు చక్రంలా కాండం చుట్టూ ఉంటాయి. 1696లో లండనులో లియోనార్డ్ ప్లుకెనెట్ దాన్ని మొదటిసారి గ్రంథస్థం చేసింది మన భారతదేశం నుంచి వెళ్లిన నమూనా చూసే. ఆ జాతికి ప్రపంచంలో మిగిలింది ఈ ఒక్క రకమే, అది కూడా అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో ఉంది. పొలాల తిత్తి మొక్కను ఏడాది పాటు సరిగా పెంచగలిగినవారే దాని జోలికి వెళ్లాలని నా అభిప్రాయం. అమ్మేవారు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో అడగకుండా కొనవద్దు. అలాగే పెంచి పెంచి విసుగు పుట్టినప్పుడు ఏ విదేశీ మొక్కనూ కాలువలో పారేయవద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన డెల్టా కాలువల్లో ఏం చేసిందో చూస్తూనే ఉన్నాము. పొలం నుంచి తెచ్చుకునేవారు కూడా జానెడు కొస ఒక్కటి తెచ్చుకుంటే చాలు, మూడు నెలల్లో అదే తొట్టి నిండుతుంది. నేను తిరిగిన బోదెల్లో సగానికి పైగా ఇప్పుడు కలుపు మందులు వాడుతున్నారు, అక్కడ ఈ మొక్క కనబడటం లేదు.

కనుక వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయాలని, ఎరువు నీళ్ల సలహాను వెనక్కి తీసుకుంటున్నట్టు స్పష్టంగా రాయాలని, దోమతెర తప్పనిసరి అన్న మాటను పెద్ద అక్షరాల్లో వేయాలని కోరుతున్నాను. ఆలస్యం చేయకుండా వేస్తే ఇంకొక మేలు ఉంది. తొలకరి దగ్గర పడింది. పాఠకులు ఈ వానలకే నీరు పట్టి ఉంచుకోగలుగుతారు. నేను మా డాబా మీది డ్రమ్మును నిన్ననే కడిగి ఎండలో బోర్లించాను. కింది అంతస్తు అమ్మాయి కూడా వాళ్ల అమ్మగారిని అడిగి ఒక బిందె తెచ్చి దాని పక్కనే పెట్టుకుంది.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ అటెండరు,
బ్రాడీపేట, గుంటూరు.